మంజీర నీళ్లకు మన చేతి పడవ

మాది బాన్సువాడ. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది మా ఊరు. మా ప్రాంతం పేరు వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వరి, ఆ వరికి నీళ్లిచ్చే నిజాంసాగర్. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటక దాటి తెలంగాణలోకి వస్తుంది. మా పక్కగా పారుతూ పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నది మీద అచ్చంపేట దగ్గర 1923లో పని మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. తొంభై ఏళ్లకు పైగా ఆ నీళ్లతోనే మా ఇళ్లలో అన్నం ఉడుకుతోంది.

ఇంత నీటి పక్కన బతుకుతున్నా మాలో పడవ ఎక్కినవాళ్లు తక్కువ. చేపలు పట్టే గంగపుత్రులకు, ముదిరాజ్‌లకు నీటితో రోజూ పని. మిగతా జనానికి నీళ్లంటే కాలువ, తూము, పొలం మడి. నిజాంసాగర్ నిండితే గేట్లు ఎత్తారని విని కట్ట మీదికి వెళ్లి చూసి వస్తాం. ఆ నీటి మీదికి వెళ్లాలన్న ఆలోచన మాత్రం రాదు. పడవలు కట్టడం సముద్రం ఒడ్డు వాళ్ల పని అని ఎప్పుడో అనుకున్నాం, అదే మనసులో ఉండిపోయింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంటి దగ్గర, సొంత చేతులతో చెక్క కయాక్ తయారుచేసుకోవడం గురించి. మా దగ్గర నీళ్లున్నాయి. తరతరాలుగా చెక్క పని తెలిసిన వడ్రంగులున్నారు. కావలసిన సామాను నిజామాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో దొరుకుతుంది. ఈ మూడింటినీ ఒక్కచోటికి తేవడమే మిగిలిన పని. అది మనవల్ల అవుతుందని నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు కయాక్ అంటే ఏమిటో చూద్దాం. అది పొడవైన, సన్నని పడవ. పైన డెక్ అనే మూత ఉంటుంది. మధ్యలో ఒక మనిషి దిగి కూర్చునేంత ఖాళీ. అందులో కాళ్లు ముందుకు చాపుకుని, వెళ్లే వైపే చూస్తూ, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో కుడివైపు ఒక తోపు, ఎడమవైపు ఒక తోపు వేస్తూ సాగిపోవాలి.

మన నీళ్ల మీద తిరిగే పడవలు వేరు. కృష్ణ, తుంగభద్రల మీద పుట్టి ఉంది. వెదురుతో గుండ్రంగా అల్లి, పైన పూర్వం తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ గుండ్రటి పడవల గురించి, వాటిలో మనుషులు పదిహేను, ఇరవై మంది దాకా నది దాటడం గురించి రాశాడు. కొల్లేటిలో తాటిదోనె ఉంది. తాటి మానును తొలిచి చేస్తారు. లోతు తక్కువ ఉన్న నీళ్లలో, గడ్డి మధ్య కూడా అది నడుస్తుంది. పుట్టి బరువులు మోస్తుంది, రాళ్ల మధ్య నిలుస్తుంది, కానీ తిన్నగా పోవడం దాని గుణం కాదు. కయాక్ సన్నగా, పొడవుగా ఉంటుంది కాబట్టి నీటిని చీల్చుకుంటూ తిన్నగా పోతుంది. ఒక్క మనిషి బలంతో చాలా దూరం వెళ్లవచ్చు.

ఈ పడవను తీర్చిదిద్దినవాళ్లు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం. గ్రీన్‌లాండ్, అలాస్కా తీరాల్లో మంచు నీళ్ల మీద సీల్‌లను వేటాడడానికి వేల ఏళ్లుగా దీన్ని వాడుతూ వచ్చారు. వాళ్ల తీరాల్లో చాలాచోట్ల చెట్టన్నదే లేదు. ఎక్కడో సైబీరియా నదుల్లో కొట్టుకుపోయి, సముద్ర ప్రవాహాల మీద తేలుతూ వచ్చి ఒడ్డున పడ్డ మానులే వాళ్ల కలప. ఆ కలపతో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు కప్పి కుట్టేవారు. ఆ తోళ్లు కుట్టే పని ఆడవాళ్లది. కుట్టులోంచి ఒక్క చుక్క నీరు లోపలికి వచ్చినా ఆ చలిలో మనిషి ప్రాణానికే ముప్పు. అంటే వేటగాడి ప్రాణం ఆ కుట్టు మీద ఆధారపడి ఉండేది.

వాళ్ల కొలతలు వింటే మన వడ్రంగి వెంటనే అందుకుంటాడు. టేపు లేదు, స్కేలు లేదు. ఎక్కబోయే మనిషి ఒళ్లే కొలబద్ద. పడవ పొడవు అతని చేతులతో మూడు బారలు. కూర్చునే చోటు వెడల్పు అతని నడుముకు అటు ఒక పిడికిలి, ఇటు ఒక పిడికిలి కలిపినంత. తెడ్డు పొడవు ఒక బార, ఒక మూర. బార, మూర, జాన, బెత్తెడు లెక్కలతో తలుపులు, నాగళ్లు, బళ్లు చేసిన మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మనిషి బార దాదాపు అతని ఎత్తుకు సమానం. ఐదు అడుగుల నాలుగు అంగుళాల మనిషికి మూడు బారలంటే 16 అడుగులు. ఈనాడు ఇళ్లలో చేసుకునే ప్లైవుడ్ కయాక్‌లలో చాలావాటి పొడవు సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటుంది.

ఇక్కడ మరో ముఖ్యమైన సంగతి ఉంది. ఇన్యూట్ జనం ఆ చట్రాన్ని ప్రధానంగా తోలు తాళ్లతో కట్టి బిగించేవారు. అలలు కొట్టినప్పుడు పడవ కొద్దిగా వంగుతుంది, మళ్లీ తన రూపానికి వస్తుంది. బిర్రుగా ఉంటే పగిలిపోయే చోట, కొంచెం సాగడం వల్ల నిలుస్తుంది.

ఇదే ఆలోచన వేల మైళ్ల దూరంలో మన కోరమాండల్ తీరంలోనూ పుట్టింది. మన తూర్పు తీరంలో సహజమైన రేవులు తక్కువ. పెద్ద అలలు వచ్చి నేరుగా ఇసుక మీద విరుగుతాయి. మద్రాసులో ఓడరేవు కట్టకముందు దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి మనుషులను, సరుకులను ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. వాటిలో మేకు ఉండదు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, సందుల్లో పీచు కూరి, కొబ్బరి తాళ్లతో పలకను పలకకు కుట్టేవారు. అల పడవను ఎత్తి ఇసుక మీద కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ అతుకులు విడిపోతాయి. కుట్టిన పడవ ఆ దెబ్బను తట్టుకుని లేస్తుంది. అందుకే అంత పెద్ద ఓడల వాళ్లు కూడా ఒడ్డుకు రావాలంటే ఈ కుట్టు పడవల కోసం ఎదురుచూసేవారు.

ఈ విద్య పాత మాటగా మిగిలిపోలేదు. అజంతా గుహల్లోని ఐదో శతాబ్దపు చిత్రంలో ఉన్న ఓడను ఆధారం చేసుకుని, కేరళ పనివాళ్లు బాబు శంకరన్ నాయకత్వంలో కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టి ఒక తెరచాప ఓడను కట్టారు. దాని పేరు కౌండిన్య. 2025 మే నెలలో కార్వార్‌లో అది మన నౌకాదళంలో చేరింది. తెలుగు నేల మీద పడవలు కట్టే చేతులకూ తక్కువ లేదు. కాకినాడ దగ్గర కోరంగిలో 18, 19 శతాబ్దాల్లో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి వచ్చిన పెను తుఫాన్లు ఆ రేవును ఊడ్చేశాయి. పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవల పని ఆ తర్వాత కూడా సాగుతూ వచ్చింది.

మరి ఈ కయాక్ మామూలు మనుషుల ఇళ్లకు ఎలా చేరింది? 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే బ్రిటిష్ లాయరు కయాక్ నమూనాలో ఓక్ చెక్కతో ఒక చిన్న పడవ చేయించుకున్నాడు. దాని పేరు రాబ్ రాయ్. పొడవు 15 అడుగులు, బరువు 80 పౌన్లు. దాన్ని రైళ్లలో వేసుకుని, యూరప్ నదుల మీద తిరిగి, ఆ ప్రయాణం గురించి రాసిన పుస్తకం ఎందరినో కదిలించింది. 1905లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హ్యూరిష్ అనే విద్యార్థి వెదురు చట్రం మీద బట్ట కప్పి, మడిచి సంచుల్లో పెట్టుకునే కయాక్ చేశాడు. రెండేళ్ల తర్వాత ఆ హక్కులు కొనుక్కుని పడవల వ్యాపారం మొదలుపెట్టిన యోహాన్ క్లెప్పర్ వృత్తిరీత్యా దర్జీ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి కయాక్ పోటీలు కూడా వచ్చేశాయి.

అలాంటి మడత కయాక్‌లోనే ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు 1932లో ఉల్మ్ పట్టణం దగ్గర డాన్యూబ్ నదిలో బయల్దేరాడు. ఊళ్లో పనిలేక, సైప్రస్ గనుల్లో ఉద్యోగం వెతుక్కోవడానికి బయల్దేరిన మనిషి ఆగకుండా ముందుకు సాగాడు. సిరియా, ఇరాన్ దాటి, భారతదేశపు పడమటి తీరం వెంట దిగి, శ్రీలంక మీదుగా మన తూర్పు తీరం వెంట పైకి వచ్చి, బర్మా, ఇండోనేషియాలు దాటి 1939లో ఆస్ట్రేలియా చేరాడు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మన్ కాబట్టి దిగీ దిగగానే అతన్ని నిర్బంధంలోకి తీసుకున్నారు. కర్ర చట్రం, దాని మీద కప్పిన గుడ్డ, తెడ్డు. వీటితో ఒక మనిషి ఖండాలు దాటాడు. పడవ గొప్పతనం దాని ధరలో లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇళ్లలో పడవలు కట్టే పద్ధతిని నిజంగా మార్చింది మాత్రం 1960లలో ఇంగ్లండులో వచ్చిన ప్లైవుడ్ పద్ధతి. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి రాగి తీగతో కుట్టి, లోపలి అతుకులకు రెసిన్ అనే జిగురు, ఫైబర్‌గ్లాస్ పట్టీ వేయడం ఈ పద్ధతి. జాక్ హోల్ట్, బారీ బక్‌నెల్ కలిసి రూపొందించిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ 1963లో ఇలాగే జనంలోకి వచ్చింది. ఆ పేరు దాన్ని ముందుకు తెచ్చిన డెయిలీ మిర్రర్ పత్రికది. అప్పటి నుంచి అలాంటివి డెబ్బై వేల దాకా తయారయ్యాయి. వాటిలో ఎన్నో మామూలు ఇళ్ల షెడ్లలో, పెరళ్లలో కట్టినవే. కోరమాండల్ మత్స్యకారుడు కొబ్బరి తాడుతో చేసిన పనినే ఇక్కడ రాగి తీగ చేస్తోంది. తీగ పలకలను పట్టి ఉంచుతుంది, రెసిన్ గట్టిపడ్డాక దాన్ని కత్తిరించేస్తారు.

ఇక పనిలోకి వద్దాం. 16 అడుగుల కయాక్‌కు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న, ఎనిమిది అడుగులు బై నాలుగు అడుగుల మెరైన్ ప్లైవుడ్ షీట్లు మూడు కావాలి. రెండు అడుగుభాగానికి, పక్కలకు. మూడోది డెక్‌కు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర 710 అనే అంకె ఉందో లేదో చూడండి. మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశపు ప్రమాణం అది. ఆ ప్రమాణం ప్రకారం ప్లైవుడ్ ముక్క 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు ఊడకూడదు. ఇంటి సామానుకు వాడే మామూలు ప్లైవుడ్ పడవకు పనికిరాదు. అంత పలుచని మెరైన్ ప్లైవుడ్ చిన్న ఊళ్లలో నిల్వ ఉండకపోవచ్చు, చెప్పి తెప్పించుకోవాలి. కొనేటప్పుడు అంచులు చూడండి. లోపలి పొరల్లో ఖాళీలుంటే ఆ షీటు వద్దనండి.

షీటు పొడవు ఎనిమిది అడుగులే. పడవకు పదహారు కావాలి. కాబట్టి షీట్లను నిలువుగా రెండుగా కోసి, చివరలు కలిపి అతకాలి. ఈ అతుకు దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే పడవ బలం ఇక్కడే తేలుతుంది. రెండు చివరలనూ ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి జిగురు పెట్టాలి. ఏటవాలు పొడవు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 32 మిల్లీమీటర్లు. నాలుగు ముక్కలను ఒక్కోటి 32 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి, మెట్లు మెట్లుగా పేర్చి, అన్నింటి మీదా ఒకేసారి రంద పట్టాలి. రంద సాగుతుంటే ప్లైవుడ్ లోపలి పొరల మధ్య ఉన్న జిగురు గీతలు బయటపడతాయి. ఆ గీతలు తిన్నగా, ఒకదానికొకటి సమానంగా ఉంటే ఏటవాలు సరిగ్గా వచ్చినట్టు. ఎక్కడైనా గీత వంకర తిరిగితే అక్కడ గుంటో మిట్టో ఉన్నట్టు. కొలిచే పరికరం ఏదీ అక్కర్లేదు, చెక్కే చెబుతుంది. రంద పదును బాగుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు వస్తుంది. పదును తగ్గితే పొరలు చిట్లుతాయి.

అతుకులు ఆరాక రెండు అడుగుల వెడల్పు, దాదాపు పదహారు అడుగుల పొడవు ఉన్న రెండు పలకలు చేతికొస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపులు బిగించండి. ముందే గీసి పెట్టుకున్న పడవ నమూనాలోని కొలతలను ప్రతి అడుగు దగ్గరా చుక్కలుగా పెట్టి, ఆ చుక్కల్లో సన్నని మేకులు దిగ్గొట్టి, వాటిని ఆనించి ఒక పొడవాటి సన్నని టేకు బద్దను వంచండి. బద్ద తనంతట తాను తీసుకునే వంపే పడవకు అందమైన, బలమైన వంపు. పలక చివర మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఆ గీత వెంట చూస్తే ఎక్కడ ఉబ్బిందో తెలిసిపోతుంది. పాత వడ్రంగులకు ఈ చూపు పుట్టుకతో వచ్చినంత సహజం. రెండు పలకలనూ కలిపి కోస్తాం కాబట్టి కుడి ఎడమలు తేడా లేకుండా వస్తాయి.

తర్వాత కుట్టు. అంచుకు కాస్త లోపలగా, నాలుగు అంగుళాలకొకటి చొప్పున సన్నని రంధ్రాలు చేయాలి. రాగి తీగ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. బోరు మోటార్లు ఉన్న ప్రతి ఊళ్లో మోటారు వైండింగ్ దుకాణం ఉంటుంది. అక్కడే దొరుకుతుంది. ముందు అడుగు పలకలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక అంచు వెంట కుట్టి, ఆ తర్వాత పుస్తకం తెరిచినట్టు విప్పాలి. ఆ క్షణంలో నేల మీద పడి ఉన్న చెక్కకు పడవ ఆకారం వస్తుంది. దానికి పక్క పలకలు కుట్టి, మధ్యలో అడ్డ చట్రాలు నిలిపి, తీగలను మెల్లగా మెలిపెట్టి బిగించాలి. ఒక్కచోటే గట్టిగా బిగిస్తే పలక చిట్లుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి.

రెసిన్ పూసేముందు తప్పనిసరిగా చూడాల్సింది మెలిక. పడవ ముందు భాగంలో ఒకటి, వెనక భాగంలో ఒకటి తిన్నని కర్రలు అడ్డంగా పెట్టి వెనక నుంచి చూడండి. రెండూ సమానంగా కనబడాలి. ఒకటి వాలి ఉంటే పడవ మెలి తిరిగినట్టు. అలాగే వదిలేస్తే ఆ పడవ జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. తీగలు సడలించి, సరిచేసి, మళ్లీ బిగించండి. రెసిన్ గట్టిపడ్డాక ఇక ఏమీ చేయలేం.

ఎపాక్సీ రెసిన్‌తో పనిచేయాలంటే మా బాన్సువాడ వాతావరణం సంగతి బాగా తెలిసి ఉండాలి. రెసిన్‌లో హార్డెనర్ కలపగానే లోపల వేడి పుడుతుంది. మే నెల ఎండలో లోతైన డబ్బాలో ఎక్కువ కలిపితే పొగలు కక్కి నిమిషాల్లో రాయవుతుంది. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పరచుకోవాలి. రెండో సంగతి, ఉష్ణోగ్రత పెరుగుతున్నప్పుడు చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. కాబట్టి పూత పూసే పని సాయంత్రం, ఎండ తగ్గుతున్నప్పుడు పెట్టుకోవాలి. వానాకాలంలో తేమ వల్ల పూత మీద మైనంలాంటి పొర ఏర్పడవచ్చు. దాన్ని నీళ్లతో కడిగి, రుద్ది, ఆరాకే తర్వాతి పూత. ఇవన్నీ చూస్తే మాకు అనువైన కాలం దీపావళి నుంచి శివరాత్రి దాకా. కోతలు, నాట్ల పని మధ్యలో దొరికే సాయంత్రాలు కూడా ఆ కాలంలోనే ఎక్కువ.

రెసిన్‌లో సన్నని చెక్కపొడి కలిపి ముద్దగా చేసి, లోపలి మూలల వెంట గరిటె వెనకవైపుతో గుండ్రంగా దిద్దాలి. దాని మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ పరచి రెసిన్ పూస్తే అతుకు గట్టిపడుతుంది. మర్నాటికి బయటి తీగలు కత్తిరించి, అంచులు గుండ్రంగా రుద్ది, పడవ అడుగంతా ఫైబర్‌గ్లాస్ బట్ట పరవాలి. రెసిన్ తగలగానే తెల్లటి బట్ట కనబడకుండా పోయి, కింద చెక్క పీచు నిగనిగలాడుతూ పైకి తేలుతుంది. రాళ్ల మీద ఒరుసుకున్నా పడవను కాపాడేది ఆ పొరే. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్క్, గాలి ఆడే చోటు తప్పనిసరి. రెసిన్ చర్మానికి పదేపదే తగిలితే కొందరికి జన్మంతా వదలని అలర్జీ వస్తుంది.

డెక్ బిగించేముందు లోపల ముందు ఒకటి, వెనక ఒకటి అడ్డుగోడలు పెట్టి, రెండు చివరలనూ గాలి చొరని గదులుగా మూసేయాలి. పడవలోకి నీళ్లు వచ్చినా ఈ రెండు గదుల్లోని గాలి దాన్ని తేలుస్తుంది. అందం కోసం ఎవరూ దీన్ని వదిలేయకూడదు. చివరగా ఎండను తట్టుకునే మెరైన్ వార్నిష్ నాలుగైదు పూతలు. ఎపాక్సీ నీళ్లకు చెడదు, ఎండకు చెడుతుంది. పని లేనప్పుడు పడవను నీడలో పెట్టాలి.

రెసిన్, ఫైబర్‌గ్లాస్ బట్టల ఖర్చు ప్లైవుడ్ ఖర్చుకు ఏమాత్రం తీసిపోదు. ఆ లెక్క ముందే వేసుకోవడం మంచిది. ఒకేసారి అంత పెట్టలేనివాళ్లు ముందు తెడ్డుతో మొదలుపెట్టండి. ముడులు లేని, పీచు తిన్నగా ఉన్న తేలికపాటి పలక ఒకటి చాలు. ఒక బార, ఒక మూర పొడవు కొలిచి, రెండు చివరలూ రెక్కలుగా పలుచన చేసి, నడుమ పిడికిట్లో ఇమిడేలా గుండ్రంగా దిద్దండి. ఉలి, రంద, ఇసుక కాగితం తప్ప పెద్ద సామాను ఏదీ అక్కర్లేదు. ఆ తెడ్డు చేతికి నచ్చేలా వచ్చిందంటే పడవ చేసే ఓపిక మీకు ఉన్నట్టే.

ఇక నీళ్ల గురించి. 2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వరదను మేమెవరం మరచిపోలేం. మంజీర ఎప్పుడు ఏ రూపం చూపిస్తుందో చెప్పలేం. వాన రోజుల్లో, గేట్లు ఎత్తిన రోజుల్లో పడవ నీళ్లలో పెట్టకూడదు. నిజాంసాగర్ కాలువలో పెట్టకూడదు. ఆ ప్రవాహంలో పడ్డ మనిషి పట్టుకుని ఒడ్డెక్కడానికి ఆసరా దొరకదు. ప్రాజెక్టు గేట్ల వైపు, తూముల వైపు ఎప్పుడూ పోకూడదు. రిజర్వాయర్‌లో తిరగాలంటే నీటిపారుదల శాఖ అధికారుల అనుమతి తీసుకోవాలి. పైన సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి, నదికి అవి కొత్త కాదు. ఏ మడుగు మంచిదో, ఏది కాదో అక్కడి గంగపుత్రులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాళ్లను అడగకుండా దిగవద్దు.

మొదటిసారి నిశ్చలమైన చెరువులో, ఛాతీ లోతు దాటని చోట, పక్కన ఈత బాగా వచ్చిన మనిషి ఉండగా దిగండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు. పడవ బోల్తా పడితే ఎలా బయటికి రావాలో, దాన్ని పట్టుకుని ఎలా తేలాలో ఆ తక్కువ లోతులోనే కావాలని బోల్తా కొట్టి నేర్చుకోండి. ఆ భయం పోయాకే దూరం వెళ్లే ఆలోచన.

నాకు మనసులో ఎక్కువగా ఉన్నది మా వడ్రంగుల సంగతి. ఒకప్పుడు మా ఊళ్లలో నాగలి, గుంటుక, ఎడ్లబండి వాళ్ల చేతుల్లోంచే వచ్చేవి. బండి చక్రం చేయడం అంటే మాటలు కాదు. ఒక్కో ఆకును కొలిచి బిగించి, ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగుసుకునేలా చేసేవారు. ఒక్క ఆకు తేడా వచ్చినా చక్రం కుంటేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది. తలుపులు, కిటికీలు రెడీమేడ్ అయ్యాక మిగిలినదీ తగ్గింది. ఆ నైపుణ్యం ఇంకా కొందరి చేతుల్లో ఉంది. వంపును కంటితో పట్టే చూపు, పీచు ఎటు నడుస్తుందో వేలితో తడిమి చెప్పే అనుభవం, అతుకులో వెంట్రుకంత సందు కూడా ఒప్పుకోని పట్టుదల. పడవ కట్టడానికి కావలసినవి ఇవే. కొత్తగా నేర్చుకోవాల్సింది రెసిన్ కలపడం ఒక్కటే. అది వారం రోజుల్లో వస్తుంది. మిగతాదంతా నేర్చుకోవడానికి ఒక జీవితం పడుతుంది, ఆ జీవితం వాళ్లు ఇప్పటికే గడిపారు.

అందుకే నా విన్నపం రెండు రకాల మనుషులకు. ఇంటర్, ఐటీఐ చదివే పిల్లలకు, వాళ్ల గురువులకు: సెలవుల్లో నలుగురైదుగురు కలిసి ఒక పడవ మొదలుపెట్టండి. ముందు అట్టముక్కలతో అడుగుకు అంగుళం లెక్కన ఒక చిన్న నమూనా చేసి, దారంతో కుట్టి చూడండి. సమతలంగా ఉన్న పలక వంపు తిరిగి ఎలా గట్టిపడుతుందో చేతితో తెలుస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం పాఠంలో చదివారు కదా. మనిషి, పడవ కలిపి 90 కిలోలైతే అది 90 లీటర్ల నీటిని పక్కకు తోసి తేలుతుందని మీ పడవ మీద మీరే కొలిచి చూడవచ్చు. మీ ఊరి వడ్రంగిని గౌరవంగా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, రంద ఎలా పట్టాలో ఆయన దగ్గర నేర్చుకోండి. ఆయన సమయానికి తగిన కూలి ఇవ్వండి.

రెండో విన్నపం ఆ వడ్రంగులకే. మీ ఉలి, రంద, బాడిస మూల పడేయకండి. మంజీర మీద, చెరువుల మీద చేపలు పట్టేవాళ్లకు తేలికగా, గట్టిగా, బోల్తా పడినా మునగని చెక్క పడవ కావాలి. జలక్రీడలు నేర్చుకునే పిల్లలకు కావాలి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ కయాక్ లాంటి మరో పడవైన కెనూ పందెంలో మన దేశానికి కాంస్యం తెచ్చారు. ఈ ఆటల మీద ఆసక్తి పెరుగుతోంది. రేపు మన జిల్లా పిల్లలు పందేనికి వెళ్లాలంటే ఎక్కి నేర్చుకోవడానికి ముందు ఒక పడవ ఉండాలి. దాన్ని దూరం నుంచి తెప్పించుకోవాల్సిన అవసరం మనకు లేదు. కొలతలు మన ఒంట్లోనే ఉన్నాయి. పని తెలిసిన చేతులు మన వీధిలోనే ఉన్నాయి. ఈ దీపావళి తర్వాత మొదటి పలక మీద గీత గీయండి, శివరాత్రి నాటికి మీ పడవ పూర్తవుతుంది.